గుంట బీటలు వారిన రోజు

ఆ వేసవిలో మా నాన్న తొట్టికి నీళ్లు ఆపలేదు. ఆపొద్దని అడిగింది నేను.

మాది అడవి మొదట్లో ఉండే కాపలా ఇల్లు. రెండు గదులు, ముందు ఇనుప జాలీ కొట్టిన వరండా, వెనక అమ్మ వేసుకున్న చిక్కుడు పాదు. వరండాలో కూర్చుంటే ఎదురుగా సిమెంటు తొట్టి కనిపిస్తుంది. బోరు నుంచి దానికో గొట్టం, గొట్టం మీద తిప్పడానికో ఇనుప చక్రం. తొట్టికి కాస్త అవతల రాతిగుంట ఉంది. వానలకి నిండుతుంది, ఎండలు ముదిరేసరికి ఎండిపోతుంది. జింకలు ఆ రెండింట్లోనూ తాగేవి.

నాన్న ఈ పనిలో చేరిన రోజున పాత కాపలాదారు తాళంచెవుల గుత్తి చేతిలో పెడుతూ ఒక మాట చెప్పాడట. "గుంట బీటలు వారిన రోజు తొట్టికి నీళ్లు ఆపెయ్. మళ్లీ వాన పడేదాకా తిప్పకు." ఎందుకని నాన్న అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఏడేళ్లుగా నాన్న అలాగే చేస్తున్నాడు. నీళ్లు ఆపిన రెండు మూడు రోజులకి జింకలు మందలు మందలుగా రెండు గుట్టలు దాటి నది వైపు వెళ్లిపోయేవి. వానలు పడ్డాక తిరిగొచ్చేవి.

కిందటేడు అలా వెళ్తున్నప్పుడు ఒక జింకపిల్ల నడవలేక మా జాలీ దగ్గర కూలబడింది. నేను దోసిట్లో నీళ్లు పట్టుకెళ్లాను. నాలుక చాపింది కానీ మింగలేకపోయింది. ఆ సంగతి నా డైరీలో ఉంది. ఆ పేజీ మడత పెట్టి ఉంచాను, మళ్లీ కంటపడకుండా.

నేను మాట్లాడేది తక్కువ. మాట గొంతు దాకా వస్తుంది, అక్కడే చతికిలబడుతుంది. బళ్లో హాజరు పిలిస్తే "ఉన్నానండీ" అనడానికే చెవులు ఎర్రబడతాయి. అందుకే డైరీ. రోజూ సాయంత్రం ఐదింటి నుంచి చీకటి పడేదాకా జాలీ వెనక కూర్చుని తొట్టి దగ్గరికి వచ్చిన జింకల్ని లెక్క పెట్టేదాన్ని. ఒక్కో జింకకి ఒక్కో చిక్కుడు గింజ ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలోకి వేసేదాన్ని. పెద్దవాటికి నల్ల గింజ, పిల్లలకి తెల్ల గింజ. చివర్న గింజలు లెక్క పెట్టి డైరీలో రాసేదాన్ని. ఎవరూ చెప్పిన పని కాదు. ఎవరికీ చూపించిందీ లేదు.

ఆ రోజు గుంట అడుగున బురద ఎండి, పెంకుల్లా పైకి లేచింది. నాన్న చక్రం మీద చెయ్యి వేశాడు. నేను వెనకే వెళ్లి నిలబడ్డాను.

"నాన్నా, ఈసారి ఆపొద్దు."

నాన్న వెనక్కి తిరిగి చూశాడు. "ఏంటి తల్లీ?"

"బోర్లో నీళ్లున్నాయి కదా. దాహమేస్తుంది కదా వాటికి."

"నువ్వు నోరు తెరిచి ఒకటి అడిగి ఎన్నాళ్లయిందే?" అని నవ్వాడు. చక్రం మీంచి చెయ్యి తీసేశాడు. "ఉన్న నీళ్లు ఆపడానికి నాకూ ఏ ఏడూ చెయ్యి రాలేదు. మీ అమ్మ అడిగితే నేనే అనుకున్నానని చెప్తాలే."

ఆ రోజు గింజలు: నల్లవి నలభై ఆరు, తెల్లవి పదమూడు.

* * *

మొదటి రెండు వారాలు నాకు పండగలా గడిచాయి. వెళ్లాల్సిన జింకలు వెళ్లలేదు. పైగా ఎక్కడెక్కడో మడుగులెండిపోయినవి కూడా మా తొట్టి వాసన పట్టాయి. అరవై అయ్యాయి, ఎనభై అయ్యాయి. పిల్లలు ముప్పై ఒకటి. నల్ల గింజలు చాలక అమ్మ కుట్టుపెట్టెలోంచి గుండీలు తెచ్చుకున్నాను. ఎడమ చెవి చీలిన ఒక ముసలి ఆడజింక ఎప్పుడూ అన్నిటికన్నా ముందొచ్చి, చుట్టూ చూసి, ఆ తర్వాతే మూతి పెట్టేది. అది తాగడం మొదలెడితేనే తక్కినవి కదిలేవి. దానికి పెద్దమ్మ అని పేరు పెట్టాను.

కొత్తగా వచ్చిన రేంజరు మేడమ్ జీపులో వచ్చి చూసి మురిసిపోయింది. వరండాలోంచి బోలెడు ఫొటోలు తీసుకుంది.

"ఏమయ్యా, ఇన్ని జింకలు ఒక్కచోట నేనెక్కడా చూడలేదు. మిగతా చోట్ల ఎండిపోయి ఏడుస్తున్నారు. నువ్వేం మంత్రం వేశావు?"

"నీళ్లు ఆపలేదు మేడమ్, అంతే," అన్నాడు నాన్న, చేతులు నలుపుకుంటూ.

"ఆపొద్దు. బోరు తగ్గితే చెప్పు, ట్యాంకరు పంపిస్తా."

పదిరోజులకి బోరు నీళ్లు తగ్గి దగ్గడం మొదలెట్టింది. ట్యాంకరు వచ్చింది. దాన్ని నడిపే ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని, అదీ మనసులోనే. ఆయన మాత్రం నన్ను చూడగానే, "ఏమ్మా మౌనవ్రతం, ఇవాళైనా పారణ చేశావా లేదా?" అని అరిచేవాడు. నేను లోపలికి పారిపోయేదాన్ని.

"వదినా, మీ జింకలు నా బండి చప్పుడుకే పరిగెత్తుకొస్తున్నాయి. మా ఆవిడ కూడా నాకు ఇంత ఎదురుచూడదు."

"ఎదురుచూపులు కాదు మరిది గారూ, ఆకలి," అంది అమ్మ. "నిన్న నా చీపురు తినేశాయి. పెరట్లో గోడకి ఆనించి లోపలికొచ్చా, తిరిగెళ్లేసరికి కట్టిన తాడు మిగిలింది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గురించి డైరీలో రాశాను కూడా. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. చీపురు తిన్నాయంటే తినడానికి ఇంకేం లేదని, అంత మందిమి ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు.

* * *

నాకు ముందుగా అనుమానం వచ్చింది చెట్లని చూసి.

ఒక సాయంత్రం లెక్క పెడుతూ తలెత్తితే, తొట్టి చుట్టూ ఉన్న చెట్ల ఆకులన్నీ కింద ఒకే ఎత్తులో ఆగిపోయి ఉన్నాయి. ఎవరో దారం పట్టి కత్తిరించినట్టు. ఆ గీత పైన పచ్చగా, గీత కింద ఉత్త కొమ్మలు. చూస్తుండగానే ఒక మగజింక వెనక కాళ్ల మీద లేచి, మెడ సాచి, ఒక ఆకు అందుకోబోయి, అందక దిగింది. గీత ఎందుకు పడిందో అర్థమైంది. జింక మెడ ఎంతవరకు అందుతుందో అంతవరకే ఆకు లేదు. పిల్లల మెడ అందే ఎత్తులో అయితే బెరడు కూడా లేదు.

మర్నాడు నాన్న వెంట అడవిలోకి వెళ్లాను. ఉదయం నడక మొదలెడితే పొద్దు నడినెత్తికి వచ్చేదాకా గడ్డిపోచ లేదు. నేల నున్నగా, డెక్కల గుర్తులతో, సంత అయిపోయిన మైదానంలా ఉంది. ఆ దూరం దాటాక, అప్పుడు మొదలైంది గడ్డి. ఎండిందే, కానీ మోకాలెత్తు.

"ఇక్కడింత గడ్డి ఉంది కదా నాన్నా. ఇక్కడికి రావచ్చు కదా?"

"ఇంత దూరమొచ్చి మేసి, మళ్లీ తొట్టి దాకా తాగడానికి వెళ్లాలి కదే. ఈ ఎండకి ఓపికేది?" అన్నాడు. తర్వాత ఇల్లు చేరేదాకా ఏమీ మాట్లాడలేదు. నా పోలిక నాన్నదే అని అప్పుడప్పుడూ తెలుస్తుంటుంది.

ఆ సాయంత్రం పాత పేజీలు తిప్పాను. పెద్దవాటి లెక్క పెరుగుతూనే ఉంది: నూట పద్దెనిమిది, నూట ఇరవై తొమ్మిది, నూట నలభై. పిల్లల లెక్క నేను పట్టించుకోలేదు. ముప్పై ఒకటి, ఇరవై రెండు, పదిహేను. పెద్దగా పెరుగుతున్న అంకె పక్కనే చిన్నగా తరుగుతున్న అంకె నా చేత్తో నేనే రాసుకుంటూ వచ్చాను.

తెల్ల గింజలు మళ్లీ లెక్క పెట్టాను. పదిహేనే.

ఆ వారంలోనే స్నానాల గది గుమ్మం ముందు చిరుత అడుగు కనిపించింది. అమ్మ దాని మీద గంప బోర్లించి, నాన్న వచ్చేదాకా కదలకుండా నిలబడింది.

"ఏమండీ, చూడండి. జింకలకి మీరు విందు పెట్టారు. చిరుతకి జింకలు పెడుతున్నాయి. ఇక మన వంతు ఎప్పుడో చెప్పండి, దానికి తగ్గట్టు తయారవుతాం."

"అది నీరసించిన జింకల కోసం వచ్చిందే. మన జోలికి రాదు."

"ఆ సంగతి దానికి చెప్పారా? ఏడేళ్లు సరిగ్గా చేసిన పని ఈ ఏడు ఎందుకు మార్చారసలు? ఎవరు చెప్పారు మీకు?"

నాన్న నా వైపు చూడలేదు. "నాకే అనిపించింది," అన్నాడు.

మాట నా గొంతు దాకా వచ్చింది. అక్కడే ఉండిపోయింది. ఆ రోజు నుంచి నేనూ అమ్మా ఒకరికొకరు తోడు లేకుండా పెరట్లోకి వెళ్లలేదు. బయట ఆకు కదిలినా అమ్మ నా జబ్బ పట్టుకునేది. ఆ పట్టు వల్ల కమిలిన చోటు చూసుకున్నప్పుడల్లా, ఇదంతా నా వల్లే అని గుర్తొచ్చేది.

* * *

మా కంటపడిన మొదటి పిల్ల తొట్టి పక్కనే చచ్చిపోయింది. నాన్న దాన్ని ఎత్తబోతే నోట్లోంచి నీళ్లు కారాయి. పొట్ట నిండుగా ఉంది. నిండుగా ఉన్నవి నీళ్లే. పళ్ల మధ్య ఇసక.

"దాహంతో కాదు," అన్నాడు నాన్న.

తర్వాత రోజుకొకటి, ఒక్కోరోజు రెండు. ప్రతిదీ రిజిస్టరులో రాయాలి: తేదీ, ఆడా మగా, కారణం. కారణం అన్న గడి దగ్గర నాన్న పెన్ను ఆగిపోయేది. ఫోన్లో మేడమ్‌తో మాట్లాడాడు. గడ్డి లేదన్నాడు, నీళ్లు ఆపితే నది వైపు పోతాయన్నాడు. అవతలి గొంతు నాకూ వినిపించింది.

"ఈ ఎండల్లో నీళ్లు ఆపుతావా? మతి ఉందా? ఆ ఫొటోలు పైవాళ్లు చూశారయ్యా. సోమవారం వాళ్లొస్తున్నారు. రేపు ఇంకో ట్యాంకరు పట్టుకుని నేనే వస్తున్నా. గడ్డి కూడా ఒక లారీ అడిగాను. అప్పటిదాకా చక్రం ముట్టుకున్నావంటే ఉద్యోగం మర్చిపో."

నాన్న ఫోను పెట్టేసి రిజిస్టరు మూసేశాడు. నాన్నది పర్మనెంటు ఉద్యోగం కాదు. ఏటా వేసవి చివర్న ఒక కాగితం వస్తే ఇంకో ఏడాది. ఈ ఇల్లు, జాలీ, అమ్మ చిక్కుడు పాదు, అన్నీ ఆ కాగితం మీదే నిలబడ్డాయి. పాదుని అప్పటికే జింకలు వేళ్లతో సహా తినేశాయనుకోండి.

మర్నాడు జీపు ముందు, రెండు ట్యాంకర్లు వెనక వచ్చాయి. మేడమ్ దిగీ దిగగానే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. బాబాయ్ ఆ రోజు నన్ను మౌనవ్రతం అని పిలవలేదు.

"ఎన్ని పోయాయి?"

"పదకొండు మేడమ్, కళ్లకి కనిపించినవి."

"నింపండి త్వరగా. గడ్డి లారీ సాయంత్రానికి వస్తుంది."

బాబాయ్ గొట్టం విప్పడానికి వెళ్లాడు. నాన్న ఏదో అనబోయి తల దించుకున్నాడు. నేను జాలీ వెనక నిలబడి ఉన్నాను. గడ్డి వస్తుంది, బాగుంది. కానీ నీళ్లు పెట్టినప్పుడు ఏమైందో నా దగ్గర రాసి ఉంది. గడ్డి వాసనకి ఇంకో వంద వస్తాయి. లారీ ఎన్నాళ్లు వస్తుంది? ఆగిన రోజు అవన్నీ ఎక్కడికి పోతాయి, నడిచే శక్తి కూడా లేకుండా? ఇదంతా నా తలలో వరసగా ఉంది. నోట్లో మాత్రం ఒక్క ముక్క లేదు.

లోపలికి వెళ్లి డైరీ తెచ్చాను. జాలీ తలుపు తీసుకుని మేడమ్ ముందుకు వెళ్లి, రెండు చేతులతో పట్టుకుని చాపాను.

"ఏంటమ్మా ఇది?"

నేను డైరీ ఇంకాస్త ముందుకు జరిపాను. ఆవిడ తీసుకుంది. మొదట నిలబడే తిప్పింది. తర్వాత జీపు బానెట్ మీద పెట్టి, వేలు పెట్టి ఒక్కో అంకె చదివింది. అందులో ఉన్నవి అంకెలొక్కటే కాదు. బళ్లో నన్ను ఎగతాళి చేసినవాళ్ల సంగతులున్నాయి. అమ్మ వెక్కి వెక్కి ఏడ్చిన రోజు ఉంది. ఇష్టమైనవాళ్లు, కానివాళ్లు, నాకు నేను రాసుకున్న తిట్లు, అన్నీ ఉన్నాయి. ఆవిడ పేజీ తిప్పినప్పుడల్లా నా వీపు మీద ఎవరో వేడినీళ్లు పోసినట్టుంది.

ఒకచోట ఆవిడ వేలు ఆగింది. ఏ పేజీయో నాకు తెలుసు. 'ఇవాళ గుంట బీటలు వారింది. నీళ్లు ఆపొద్దని నాన్నని నేనే అడిగాను.'

తలెత్తి నన్ను చూసింది, నాన్నని చూసింది. అమ్మ ఆవిడ భుజం పక్కనే నిలబడి ఉంది. తనూ చదివేసింది.

"బోరు తగ్గింది ఏ రోజు?" అని అడిగింది మేడమ్.

నేను పేజీ తిప్పి చూపించాను.

"నేను ట్యాంకరు పంపాక నలభై పెరిగాయి," అంది, ఎవరితోనో కాదు, తనతో తనే అన్నట్టు. రుమాలు మడిచి జేబులో పెట్టుకుంది. "డ్రైవరుగారూ, గొట్టం చుట్టెయ్యండి."

"నింపొద్దా మేడమ్?"

"వద్దు. గడ్డి లారీని నది దారిలో, రెండో గుట్ట అవతల దింపమని చెప్పండి. ఇక్కడికి రానివ్వొద్దు." డైరీ మూసి నా చేతికిచ్చింది. "సోమవారం వచ్చేవాళ్లకి నేను చెప్పుకుంటాలే. నీళ్లు ఆపెయ్యండి."

నాన్న చక్రం దగ్గరికి వెళ్లాడు. పట్టుకున్నాడు కానీ తిప్పలేకపోయాడు. నేను వెళ్లి ఆయన చేతి పక్కన నా చెయ్యి వేశాను. చక్రం కిర్రుమంది. గొట్టంలో నీళ్లు గుటక వేసినట్టు చప్పుడై, ఆగిపోయింది.

* * *

ఆ తర్వాత మూడు రోజులు నా డైరీలో అంకెలు తప్ప ఏమీ లేవు.

తొట్టిలో మిగిలిన నీళ్లు తొలిరోజే అయిపోయాయి. రెండో రోజు జింకలు ఖాళీ తొట్టి చుట్టూ నిలబడి సిమెంటు నాకాయి. ఆ గరగర వరండాలోకి వినిపించేది. అమ్మ చెవుల్లో దూది పెట్టుకుని వంట చేసింది. నాన్న జాలీకి వీపు తిప్పి కూర్చున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఆలస్యం చేశామేమో. ఇక నడవలేవేమో. కిందటేడు పోయింది ఒక్క పిల్ల, ఈసారి మందకి మందే ఇక్కడే పడిపోతే? మడత పెట్టిన ఆ పేజీ విప్పి చదివాను. ఒక్క పిల్ల.

"అన్నం తిను," అంది అమ్మ.

"అమ్మా, ఆపొద్దని అడిగింది నేనే."

"చదివాను." కంచం నా ఒళ్లో పెట్టింది. "నువ్వడిగావు, ఆయన విన్నాడు, ఆవిడ ట్యాంకరు పంపింది, నేను చీపురు పోయిందని నవ్వాను. తిను ముందు."

మూడో రోజు సాయంత్రం పెద్దమ్మ తొట్టి అంచు మీద మూతి ఆనించి చాలాసేపు నిలబడింది. తర్వాత గుట్టల వైపు తిరిగింది. నాలుగడుగులు వేసి ఆగింది. మళ్లీ నడిచింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక మూడు. కాళ్లు తడబడుతున్నాయి, కానీ నడుస్తున్నాయి. గింజలు వెయ్యడం మర్చిపోయాను. చీకటి పడేసరికి తొట్టి దగ్గర ఆరు మిగిలాయి. ఆ ఆరూ లేవలేదు.

మర్నాడు నాన్న ఆ దారంట రెండో గుట్ట దాకా వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చాడు. చెప్పులు విప్పుకుంటూ కూర్చున్నాడు. నేను డైరీ పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.

"దారిలో ఎన్ని నాన్నా?"

చెప్పడనుకున్నాను.

"రాసుకో," అన్నాడు. "ఇరవై రెండు. మిగతావి గడ్డి దగ్గరికి చేరాయి."

* * *

వాన వచ్చేసరికి కాగితం కూడా వచ్చింది. నాన్న ఉద్యోగం పోలేదు, చోటు మారింది. కింద నది ఒడ్డున ఉన్న కాపలా ఇంటికి వెయ్యమని మేడమే రాసిందట. తప్పులో సగం తనదని కూడా అందులో రాసిందని బాబాయ్ చెప్పాడు. "నీళ్లకి కొదవలేని చోటు వదినా. ఇక నా మొహం చూసే పని లేదు మీకు," అని సామాను ట్యాంకరు మీదే కట్టాడు. అమ్మ నా డబ్బాల్లోని గింజలు మూట కట్టుకుంది, కొత్త పెరట్లో పాదు వెయ్యడానికి.

కొత్త కాపలాదారు కుటుంబం ఆ ఉదయమే దిగింది. ఆయన, ఆయన భార్య, ఏడెనిమిదేళ్ల కూతురు. రాతిగుంట నిండి ఉంది. గట్టు మీద పచ్చటి మొలకలు. కిందటి సాయంత్రం యాభై ఏడు పెద్దవి, నాలుగు పిల్లలు తిరిగొచ్చాయి. పెద్దమ్మ వాటిలో లేదు.

నాన్న తాళంచెవుల గుత్తి ఆయన చేతిలో పెట్టాడు. "గుంట బీటలు వారిన రోజు తొట్టికి నీళ్లు ఆపెయ్యండి. మళ్లీ వాన పడేదాకా తిప్పకండి."

"అలాగేనండి," అన్నాడాయన. ఎందుకని అడగలేదు.

ఆ పిల్ల అడిగింది. "ఆపేస్తే వాటికి దాహమెయ్యదా?"

నాన్న నా వైపు చూశాడు. ట్యాంకరులోంచి బాబాయ్ హారన్ కొట్టబోయి ఆగాడు. నా చెవులు ఎర్రబడ్డాయి. మాట గొంతు దాకా వచ్చింది.

"వేస్తుంది," అన్నాను.

ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి తీసుకెళ్లాను. అది తొట్టిలోకి తొంగి చూడబోయింది.

"నీళ్లు తర్వాత," అన్నాను. "ముందు ఆ చెట్లు చూడు. ఆకులు ఎక్కడ ఆగిపోయాయో చూడు."